ఒకే మాస్కు

మా డిస్పెన్సరీకి రోగాలకంటే అబద్ధాలే ఎక్కువ వస్తాయి. డ్యూటీ ఎగ్గొట్టడానికి నడుం నొప్పి, సిక్ చీటీ కోసం విరేచనాలు. పదకొండేళ్లుగా గోదావరిఖనిలో బొగ్గుబాయి పక్కనే నర్సుగా ఉన్నాను, నాకు తెలియని నాటకం లేదు. నోరు పెద్దదని కూడా పేరుంది. హాజిరా సిస్టర్ దగ్గరికి పోవడం కంటే బాయిలోకి దిగడమే నయమని కార్మికులు నవ్వుకుంటారు.

ఎనభై ఆరు మే నెలలో, మొదటి షిఫ్టు సగం దాటాక, నర్సింగం లింగమూర్తిని భుజాన వేసుకొచ్చి బల్ల మీద దించాడు. నర్సింగం సర్దార్. కింద ఒక గ్యాంగును పని చేయించడం, గాలి బాగుందో లేదో చూడడం అతని బాధ్యత. లింగమూర్తి బొగ్గు టబ్బులు నెట్టే మనిషి. చొక్కా నిండా కక్కుకున్నాడు, పిలిస్తే పలకడం లేదు.

"తాగిండక్కా" అన్నాడు నర్సింగం గొంతు తగ్గించి. "రిజిస్టర్ల రాయకు. చార్జిషీట్ ఇస్తరు. పిల్లలుగల్లోడు."

"ఎప్పుడు పడ్డడు?"

"గంటయితాంది. పైకి తెచ్చి కట్టెల యార్డుల నీడకు పండవెట్టినం. దిగుతదేమో అని చూసినం."

మా దగ్గర ఇదొక ధర్మం. డ్యూటీలో తాగినవాణ్ణి తోటివాళ్లు దాచిపెడతారు. షిఫ్టు అయ్యేదాకా యార్డులో పడుకోబెట్టి, మజ్జిగ తాగించి, ఇంటికి చేరుస్తారు. ఎవడూ నోరు విప్పడు. మంచిదే, కాదనను. కానీ నేను లింగమూర్తి నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. సారా వాసన లేనే లేదు. ముఖం మాత్రం కొత్త పెళ్లికొడుకులా ఎర్రగా ఉంది. మూడేళ్ల కింద కంపెనీ పెట్టిన ట్రైనింగులో ఒక పెద్ద డాక్టరు ఈ ఎరుపు గురించి చెప్పిన మాట గుర్తొచ్చింది.

"వీడు తాగలె నర్సింగం. ఇది బొగ్గు కాలిన విషం. ఏడ పని చేసిండు?"

"బొగ్గు తీసి మూసిన పాత ప్యానెల్ గోడ కాడ. గ్యాస్ లేదక్కా, ఒట్టు! నా సేఫ్టీ దీపం మంచిగ మండింది. మంట కుంగలె, నీలం తిరగలె."

"నీ దీపానికి ఈ విషం కనవడదు! గోడ ఎనుక బొగ్గు రాజుకుంటే సందుల్లకెళ్లి వస్తది. దీపం మండుతనే ఉంటది, మనిషి పోతడు."

తిడుతూనే ఆక్సిజన్ సిలిండర్ తిప్పాను. రెండు సిలిండర్లలో ఒకటి ఖాళీ, సోమవారం నుంచి బండి కోసం చూస్తోంది. రెండోదాంట్లో ముల్లు సగానికి కొంచెం కింద ఉంది. లింగమూర్తి మూతికి మాస్కు బిగించి ధార పూర్తిగా వదిలాను. ఆ విషం నెత్తురును పట్టుకుంటే వదలదు. ఆక్సిజన్ పోసి పోసి తరిమితేనే పోతుంది, దానికి గంటలు పడుతుంది. డాక్టరు పెద్ద దవాఖానలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, అంబులెన్సు, సిలిండర్లు ముప్పావుగంటలో వస్తాయన్నారు.

అప్పుడు గాని నాకు అడగాలని తోచలేదు.

"ఆ గోడ కాడ ఇంకెవరున్నరు?"

నర్సింగం తల దించుకున్నాడు. "సదయ్య, ఇంకో పిల్లగాడు. కట్టెలు నిలవెట్టుటానికి... మీ ఆయినె."

నా భర్త గులాం అలీ టింబర్‌మన్. పైకప్పు కింద దుంగలు నిలబెట్టడం అతని పని.

"ఉరుకు! బాయికి ఫోన్ చెయ్యి. అందర్ని పైకి తీస్కరా, జల్ది!"

నర్సింగం పరుగెత్తాడు. నేను పోలేను. లింగమూర్తి ఊపిరి ఆగి ఆగి వస్తోంది, గడ్డం పైకెత్తి పట్టుకోకపోతే నాలుక వెనక్కి పడుతుంది. ఒక చేత్తో గడ్డం, రెండో చేత్తో నాడి. కళ్లు మాత్రం ఒకసారి ముల్లు మీదికి, ఒకసారి గుమ్మం వైపుకి. పది నిమిషాలు. పదిహేను. గోడ గడియారం మీద కూడా కోపం వచ్చింది. అల్లాను బతిమాలాను, ఆ వెంటనే నర్సింగాన్ని తిట్టాను. ముల్లు పావుకు దిగింది.

ఇరవై ఐదు నిమిషాలకు ముగ్గురూ నడిచే వచ్చారు. సదయ్య గుమ్మంలోనే కక్కుకున్నాడు. పిల్లగాడు గోడకు ఆనుకుని జారిపోయాడు. గులాం అలీ తల పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఉన్నది ఒకే మాస్కు. లింగమూర్తి దగ్గర తీస్తే చచ్చిపోతాడు. మధ్య మధ్య ఒక్కో నిమిషం సదయ్యకు, పిల్లగాడికి పట్టాను. మా ఆయన వైపు తిప్పబోతే చేత్తో తోసేశాడు.

"మై అచ్ఛాచ్ హూఁ. పైలే ఉస్కు లగా" అన్నాడు మా ఇంటి ఉర్దూలో. తాను బాగానే ఉన్నాడట, ముందు వాడికి పెట్టాలట.

వేళ్లు చూపించాను, సరిగ్గా లెక్కపెట్టాడు. ఈ రోజు ఏ వారమంటే చెప్పాడు. ఇంట్లో ఏం కూరని ఎదురడిగాడు. నమ్మాను. నిజం చెప్తే, నమ్మాలని ఉండి నమ్మాను. అంబులెన్సు వచ్చింది. లింగమూర్తినీ సదయ్యనీ పిల్లగాణ్ణీ ఎక్కించారు. గులాం అలీ తలనొప్పి మాత్ర వేసుకుని ఇంటికెళ్లి పడుకుంటానన్నాడు. సరేనన్నాను. ఇంకొకరి మొగుడైతే, చెవి పట్టుకుని బండెక్కించేదాన్ని.

లింగమూర్తి ఎనిమిదో రోజున నడిచి ఇంటికెళ్లాడు. పెళ్లాంతో వచ్చి నాకు దండం పెట్టాడు.

ఇరవయ్యో రోజున గులాం అలీ షిఫ్టు దిగి మా క్వార్టర్ దారి తప్పాడు. మరో రెండు రోజులకు లుంగీ కట్టుకోవడం మరిచిపోయాడు. కూర్చున్నచోటే తడుపుకుంటున్నాడు. పెద్ద దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు, ఈ విషం ఒక్కోసారి వదిలినట్టే వదిలి, వారాల తర్వాత మెదడు మీదికి తిరిగొస్తుందన్నాడు.

"ఆ రోజు ఆక్సిజన్ ఎంతసేపు పెట్టిన్రు?"

"పెట్టలే సార్" అన్నాను.

ఆయన అదే కాగితం మీద రాసుకున్నాడు. కొందరు మెల్లగా బాగవుతారని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు రోజూ డ్యూటీ దిగి వచ్చి అన్నం కలిపి తినిపిస్తున్నాను. పెళ్లయిన నాటి నుంచి మేమిద్దరం ఇంట్లో ఒక్కనాడూ తెలుగు మాట్లాడుకోలేదు. నిన్న సాయంత్రం మంచం మీద కూర్చుని, ముద్ద నమలడం ఆపి, నా తెల్ల డ్యూటీ చీర వైపు చూశాడు.

"సిస్టర్" అన్నాడు, తెలుగులో, ఎంతో మర్యాదగా. "నన్ను ఇంటికెప్పుడు పంపిస్తరు? మా హాజిరా ఫికర్ చేస్తది."

"పంపిస్త" అన్నాను. "ఇంకో ముద్ద తిను."