శివజ్యోతి గురువారాలు

ఫోను మోగినప్పుడు నేను కొట్లో బొరుగుల మూటకు ఆనుకొని కూర్చొని, మా ఆయన బెల్లం దిమ్మ పగలగొడుతుంటే చూస్తున్నాను. పెళ్ళై మూడు నెలలు కావస్తున్నా జ్ఞానేశ్వర్ బెల్లం కొట్టడం నాకింకా చూడముచ్చటగానే ఉంది. ఫోను చేసింది హైస్కూలు డ్రిల్లు మాస్టరు దేవేంద్రప్ప.

"శివజ్యోతి జిల్లా ఖోఖో జట్టులోకి ఎంపికైందమ్మా. వాళ్ళమ్మ భీమక్కకు ఫోను లేదు, మీరే పోయి చెప్పల్ల. రేపు పొద్దున రైలుకే నంద్యాల పోవాల. ఆడ శిక్షణ, ఆ పైన కడపలో రాష్ట్రం పోటీలు."

కడప అనగానే నాకు మరీ సంతోషమైంది. నా పుట్టిల్లు వేంపల్లె, డిగ్రీ చదివింది కడపలో. బేతంచెర్ల పిల్లను మా ఊరు పిలిపించుకున్నట్టే అనిపించింది. మా ఆయన డబ్బాలోంచి వేరుశనగ చిక్కీ తీసి నా నోటి దాకా తెచ్చాడు.

"ఈరోజు గురువారం" అన్నాను.

"అవునుగదా, మర్చిపోతి." చిక్కీని కాగితంలో చుట్టి తక్కెడ వెనక పెట్టాడు. "దీపం పెట్టినాక తిందువులే. ఎవురికీ అమ్మను."

మా అత్తగారు వెంకటలక్ష్మమ్మ ప్రతి గురువారం రాఘవేంద్రస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. సాయంత్రం దీపం పెట్టాకే భోజనం. నన్నెవరూ ఉండమనలేదు. ఆవిడతో పాటు నేనూ చేతికి పసుపు దారం కట్టుకున్నాను, అంతే.

భీమక్క పనిచేసే బండల పాలిషింగు యూనిట్ మా కొట్టుకు దగ్గరే. నేను వెళ్ళేసరికి మోచేతుల దాకా తెల్లటి బురదతో ఉంది. సంగతి చెప్పాను. ఒక్క క్షణం ఆమె ముఖం విప్పారింది. వెంటనే ముడుచుకుంది.

"పంపను పాపా."

"ఎందుకక్కా?"

"పోయిన గురువారం బళ్ళో ఇచ్చిన మాత్ర మింగి కక్కింది. సాయంత్రం ఆటలో కళ్ళు తిరిగి పడింది. ఆ ముందు వారమూ అంతే. ఈడ పడితే ఎత్తుకొచ్చేదానికి నేనుండా. నంద్యాలలో పడితే ఎవురుండారు?"

"రక్తం తక్కువుందని కదా ఆ మాత్రలిచ్చేది?"

"ఆస్పత్రి రెజీనమ్మ కూడా అదే చెప్పె. మాత్ర మింగినాకే గదా పడతాండాది. మా పేటలో ఏ తల్లీ మింగమని చెప్పడంలే ఇప్పుడు." బండ మీద నీళ్ళు పోసి మళ్ళీ పనిలో పడింది. "సాయంత్రం కమిటీకి రమ్మన్నారు. ఆ మాటే చెప్పడానికి వస్తా."

ఆ కమిటీ మా ఊరి పిల్లల ఆరోగ్యం కోసం పెట్టుకున్నది. బడి నుంచి దేవేంద్రప్ప, ఆస్పత్రి తరపున ఆశా కార్యకర్త రెజీనా, యూనిట్ల తరపున భీమక్క యజమాని రామలింగయ్య, మహిళా సంఘం తరపున మా అత్తగారు ఉంటారు. ఈ ఏడు పిల్లలు కూడా కూర్చోవాలని తీర్మానించి పదో తరగతి నుంచి శివజ్యోతిని, మహేశ్వరిని తీసుకున్నారు. ఇంతవరకు వాళ్ళు బెంచీ చివర కూర్చొని, అందరూ చప్పట్లు కొట్టినప్పుడు చప్పట్లు కొట్టారు. నేను అత్తగారికి తోడు.

ఆ సాయంత్రం బడి గదిలో రెజీనా ముందుగా చెప్పింది. "మాత్రలు కిటికీ అవతల మట్టిలో దొరుకుతాండాయి. ఇచ్చిందంతా పారేస్తాండారు."

"ర్యాలీ తీద్దాం" అన్నాడు రామలింగయ్య. "టోపీలు నేనిస్తా."

"పోయినసారీ టోపీలే గదప్పా" అంది మా అత్తగారు. "నీ టోపీ పెట్టుకొని మా ఆవు గూడా తిరిగింది. రక్తం ఎవురికీ పెరగలే."

మిరపకాయ బజ్జీల పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. మా అత్తగారు ముట్టలేదు. నేను ఊపిరి బిగబట్టి పక్కకు జరిపాను. శివజ్యోతి, మహేశ్వరి కూడా తీసుకోలేదు. ఆ వాసనకు నా కడుపులో గుర్రుమంది. జవాబు చెప్పినట్టు శివజ్యోతి కడుపులోనూ గుర్రుమంది. ఇద్దరం నవ్వాపుకున్నాం. అప్పుడు చూశాను, తన చేతికీ పసుపు దారం.

"నువ్వూ ఒక్కపొద్దేనా?" అని గుసగుసగా అడిగాను.

"మా క్లాసు ఆడపిల్లోళ్ళం అందరమూ అక్కా. పదో తరగతి పాసైతే మంత్రాలయం వస్తామని మొక్కినాం."

"మరి ఆ మాత్ర ఇచ్చేది..."

"గురువారమే. మధ్యాహ్నం అన్నం గంట అయినాక."

"నువ్వు అన్నం తినవు కదా?"

తను మా అత్తగారి వైపు చూసి తల దించుకుంది. బడి తెరిచిన రోజుల్లో మా అరుగు మీద ఆ పిల్లలందరికీ దారాలు కట్టింది ఆవిడే. నా పెళ్ళికి ముందు మాట అది.

"చెప్పు మరి" అన్నాను.

"వద్దక్కా. మీ అత్తమ్మ నొచ్చుకుంటాది."

అప్పుడే గుమ్మం దగ్గర నిలబడ్డ భీమక్క గొంతు సవరించుకుంది. "నేనొక మాట చెప్పి పోతా. నా కూతురు నంద్యాలకు రాదు. ఇంకొక పిల్లను పంపుకోండి సార్."

శివజ్యోతి లేచి నిలబడింది. "మాత్రల తప్పు కాదుమా. గురువారం నేను పొద్దున్నుంచి ఏమీ తినను. ఖాళీ కడుపు మీద మింగితే తిప్పుతాండాది. మా క్లాసులో అందరికీ అంతే."

రెజీనా దేవేంద్రప్ప వైపు తిరిగింది.

"అన్నం అయినాకనే ఇయ్యమని చెప్పినా కదా నేను" అంది రెజీనా.

"అన్నం అయినాకనే ఇస్తాండారు. తిన్నారా అని ఎవురూ అడగల."

దేవేంద్రప్ప నోట్లో బజ్జీ ఉంది. నమలడం ఆపాడు. భీమక్క కూతురి వైపే చూస్తోంది. "నేను తెల్లారకుండానే పనికి పోతా. మాపటికి ఎదురుగా కూర్చొని తింటాది. నాకేం తెలుస్తాది మే?"

"దారం కట్టింది నేను" అంది మా అత్తగారు నెమ్మదిగా.

"ఇప్పుడు విడిస్తే పరీక్ష పోతాదమ్మా" అంది మహేశ్వరి భయంగా.

"ఎట్ల పోతాది? మా జ్ఞాన పదో తరగతి చదివినప్పుడు వాడుండెనా ఒక్కపొద్దు? పొద్దున్నే దోసెలు తినిపోయె. నేనుంటి వాని బదులు. బిడ్డల మొక్కు పెద్దోళ్ళు మోయచ్చు. ఆ మాట మీకు చెప్పడం మరిస్తి."

"అట్లయితే నా బిడ్డది నేనుంటా" అంది భీమక్క.

"నువ్వు బండలెత్తేదానివి, తినల్ల. నేను కొట్లో కూర్చుండేదాన్ని. ఎట్లాగూ గురువారం ఉంటానే ఉండా. ఒకరికైతేనేమి, క్లాసుకంతా అయితేనేమి?"

"అంతమంది పాసు కావడానికి ఒక్కరి ఒక్కపొద్దు చాలుతాదా అక్కా?" అన్నాడు రామలింగయ్య.

"చాలదనుకుంటే నువ్వూ ఉండప్పా."

ఆయన చేతిలోని బజ్జీని మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు.

మా అత్తగారు శివజ్యోతి దారం విప్పి తన చేతికి కట్టుకుంది. తర్వాత మహేశ్వరిది. ఆపైన బజ్జీల పళ్ళెం వాళ్ళ ముందుకు జరిపింది. వాళ్ళు తినడం చూసి నా వైపు తిరిగింది.

"నీదీ ఇట్ల ఇయ్యి. నిన్నెవరు ఉండమనిరి?"

"మీతో కలిసి తినొచ్చని" అన్నాను. నిజమే చెప్పాను.

"కలిసి తినేదానికి పస్తుండల్లనా పిచ్చిదానా?"

నా దారం కూడా ఆవిడ చేతికే చేరింది. నాకు ముందుగా గుర్తొచ్చింది తక్కెడ వెనక చిక్కీ.

భీమక్క గుమ్మం వదిలి లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. బజ్జీ తింటున్న నోటినే చూస్తూ అంది. "పంపుతా. కానీ రేపు నా కండ్ల ముందర కడుపునిండా తిని రైలెక్కల్ల. నంద్యాలలో గురువారం వస్తే తింటానని ఒట్టెయ్యల్ల."

"తింటాలేమా" అంది శివజ్యోతి నోటినిండా బజ్జీతో.

"నేనూ ఫోను చేసి అడుగుతా, తిన్నావా అని" అన్నాడు దేవేంద్రప్ప.

"పనికి ఆలస్యమైతాది అయ్యా" అంది భీమక్క రామలింగయ్యతో.

"రైలు పోయినాకనే రా భీమక్కా."

మా అత్తగారు చేతి దారాలు సర్దుకుంటూ లేచింది. "అయితే రేపు ఆరింటికి క్లాసు ఆడపిల్లలంతా మా ఇంటికి రాండి. ఉగ్గాని నేను తాళింపేస్తా. బొరుగులు తడిపేది మావాడు, బజ్జీలు మా కోడలు. తిన్నాక రెజీనా మాత్రలిస్తాది, అందరితోనూ ఆడ్నే మింగిస్తాం. ఏడింటికి శివజ్యోతిని తీసుకొని స్టేషనుకు పోదాం."