సముద్రానికి పోని రాయి

ఉరవకొండ అవతల ఒక ఊరి గొర్రెలకు పచ్చగుట్టే ఆధారం. వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడు కూడా దాని మీద ఇంత మేత దొరికేది. అట్లాంటి గుట్టను తవ్వనిచ్చేకి ఊరిని ఒప్పించింది హనుమక్క. ఆమె మాటంటే గొర్రెలోళ్లందరికీ గురి.

హనుమక్కను ఒప్పించింది ఆమె చెల్లెలి కూతురు సరళ. చెల్లెలు చనిపోయినాక ఆ పిల్లను హనుమక్కే సాకింది. విశాఖపట్నంలో సముద్రం గురించి చదివించింది. ఇప్పుడు సరళకు ఆ గుట్టను తవ్వే కంపెనీలోనే ఉద్యోగం.

ఊరిని అడిగిన రోజు బడి వరండాలో అందరి ముందర సరళ గ్లాసులోకి నిమ్మకాయలు పిండి, దాంట్లో ఒక గవ్వ వేసింది. గవ్వ చుట్టూ బుడగలు లేచినాయి.

"మనం కాల్చే బొగ్గు, డీజిల్ పొగలో బొగ్గుపులుసు వాయువుంటాది. దాంట్లో చానా సముద్రమే మింగుతాంది. అందుకే నీళ్లు మారిపోతాండాయి. ఇంత పులుపు కాదులే గానీ, సన్న ప్రాణులకు పెంకు కట్టుకునేకి కష్టమైతాంది. వాటిని తిని బతికే చేపలకూ కష్టమే. ఈ గుట్ట రాయిని పిండి చేసి సముద్రంలో కలిపితే ఆ పులుపు విరుగుతాది."

"అయితే మనకు వానలొస్తాయామ్మా?" గొర్రెలోళ్లలో నాగప్ప అడిగినాడు.

"అట్ల చెప్పలేను మామా. పులుపు విరిగితే సముద్రం ఆ వాయువును ఇంకొంచెం మింగుతాది, ఎండలు ఇంకా ముదరకుండా ఎంతో కొంత సాయమైతాది."

లేనిది చెప్పలేదని హనుమక్కకు నమ్మకం కుదిరింది. "నోరులేని ప్రాణులప్పా, మన గొర్రెల మాదిరే. ఇద్దాం" అనింది.

లారీలు తిరిగినాయి. గుట్ట సగమైంది. మేత లేక హనుమక్క మందను పెన్న ఒడ్డుకు తోలుకొని పోతాంటే, పామిడికి ఇవతల కొత్తగా రోడ్డు వేస్తాండారు. ఆడ కుప్పలుగా తమ గుట్ట పచ్చరాయి. గుట్ట కాడ తిరిగే లారీయే ఇంకో కుప్ప పోస్తాంది. వెంటనే ఫోన్ చేసింది.

"సరళా, డ్రైవర్లు మోసం చేస్తాండారు. మన రాయి ఈడ రోడ్డుకు పోస్తాండారు. మీవోళ్లకు చెప్పు."



"నాకు తెలుసు పెద్దమ్మా. సముద్రంలో కలిపేకి అనుమతి రాలేదు. దానివల్ల ఏ ప్రాణికి ఏమైతాదో ఇంకా చూడాలన్నారు. అంతవరకు కంపెనీ రాయి అమ్ముకుంటాంది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"తవ్వేకి ముందే. చెప్తే ఉద్యోగం పోతాదని..."

"మరి గ్లాసులో చూపించింది అబద్ధమా?"

"కాదు పెద్దమ్మా. అదంతా నిజమే."

హనుమక్క ఫోన్ పెట్టేసింది. అబద్ధం చెప్పి అడిగింటే ఇంత నొప్పి ఉండేది కాదేమో. నిజం చూపించి ఊరిని ముంచింది, తన చేత్తో అన్నం తిన్న పిల్ల.

హనుమక్క ఊరికి తిరిగొచ్చి జరిగింది జరిగినట్లు చెప్పింది. కొందరు తిట్టినారు. తలొంచుకొని ఆ మాటలు పడింది. తెల్లారి తన మందను తోలుకొచ్చి లారీల దారికి అడ్డం నిలబెట్టింది. నాగప్ప మంద వెనకే వచ్చింది. ఆ తర్వాత అందరివీ వచ్చినాయి. వారం తిరక్కుండా కంపెనీ మిషన్లు ఎత్తుకొని పోయింది. మిగిలిన సగం గుట్ట మీద దుమ్ము తప్ప గడ్డి లేదు.

ఉద్యోగం మానేసి సరళ ఊరికొచ్చింది. గడపలో నిలబడి "పెద్దమ్మా" అనింది.

హనుమక్క చెంబుతో నీళ్లు తెచ్చి ముందర పెట్టింది.

"రండి, కూర్చోండి" అనింది.

సరళ ఏడుస్తా అట్లే నిలబడిపోయింది. హనుమక్క ఆమె పక్కనుంచే బయటికి నడిచి మందను తోలుకొని పోయింది.