రేవులో లైటు

సాస్తి దగ్గర వార్ధా నది రేవులో, పాచిరాయి మీద కాలు జారి ఇస్తారి చచ్చిపోయాడు. చీకట్లో రొయ్యల బుట్ట పెట్టబోయి మునిగాడు. ఇంకే ఇంట్లోనూ ఇలాంటి ఏడుపు వద్దని అతని భార్య తిరుపతమ్మ సర్పంచి బాపురావు గడప అరిగేలా తిరిగి రేవుకు లైటు తెప్పించింది. స్తంభం మీద ఇస్తారి పేరు రాశారు. ఆమెకు శాలువా కప్పారు. బెస్తవాళ్ళంతా చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టారు.

రొయ్యలకు మాత్రం ఆ లైటు నచ్చలేదు. చీకటి పడితేనే రాళ్ళ కింద నుంచి వచ్చి మేసే జాతి అది. అవతలి ఒడ్డున బొగ్గుగని లైట్లు ఎలాగూ ఉన్నాయి. చీకటిగా మిగిలిన ఈ ఒక్క వంపూ పట్టపగలయ్యాక అవి కదలడం మానేశాయి. బుట్టల్లో నాచు తప్ప ఏమీ పడలేదు.

చప్పట్లు కొట్టిన చేతులే వేలెత్తి చూపించాయి. తిరుపతమ్మ బోరింగు దగ్గరికొస్తే ఆడవాళ్ళు బిందెలు జరుపుకున్నారు. మరిది ఎల్లన్న అందరి ముందే నిలదీశాడు.

"మా అన్నను నది మింగింది. మా బువ్వ నువ్వు మింగినవ్ వదినా."

"గట్లనకు ఎల్లన్నా. ఇంకొకలు సావొద్దనే గద తిరిగిన."

ఎల్లన్న స్విచ్చు పెట్టె తాళంచెవి తెచ్చుకున్నాడు. ఆ రాత్రి లైటు ఆపి, అందరూ బుట్టలు పెట్టాలనుకున్నారు. మంచి చోట్లు మగవాళ్ళు పంచుకుని తిరుపతమ్మకు పాచిరాయి వదిలారు. పొయ్యి వెలగని ఇల్లు, కాదనలేకపోయింది.

లైటు ఆరింది. కాసేపటికి రాళ్ళ సందుల్లో కదలిక మొదలైంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అప్పుడే పాచిరాయి దగ్గర దబ్బున చప్పుడైంది.

"ఎల్లన్నా, లైటెయ్యి. నీళ్ళల్ల వడ్డ. ఒడ్డు కానొస్తలేదు."

ఎల్లన్న చేయి స్విచ్చు మీదికి వెళ్ళింది. పక్కనున్న హనుమంతు ఆ చేయి పట్టుకున్నాడు.

"ఎయ్యకు. ఫోన్ లైటు గూడ ఎయ్యకు. ఇప్పుడిప్పుడే బయటికొస్తున్నయ్, లైటేస్తే మల్ల రాళ్ళ కిందికి వోతయ్. ఆమెకు ఈతొస్తది, ఆమే వస్తది."

ఆమెకు ఈత రాదు. ఆ సంగతి మరిదికి తెలియనిది కాదు. అయినా చేయి దించాడు. చీకట్లో నీళ్ళల్లోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆమె ఇంకోసారి అతని పేరు పిలిచింది, తర్వాత పిలవలేదు.

తెల్లారేసరికి బుట్టలు నిండాయి. శవాన్ని ఒడ్డున పడుకోబెట్టి, చెడిపోతాయని ముందు రొయ్యలను రాజురా బజారుకు పంపి, ఆ తర్వాత పాడె కట్టారు. బాపురావు వచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. స్తంభం మీద ఇస్తారి పేరు పక్కన తిరుపతమ్మ పేరు కూడా రాయించాడు. లైటు మాత్రం మళ్ళీ ఎవరూ వేయలేదు.