కంపకు కట్టిన ముఖం

జయచంద్ర చిన్నప్పుడు వాళ్ల అవ్వ శవపేటికను వంకలో జారవిడిచారు. సమాధుల తోటకు తిన్నని దారి నరసింహప్ప చేనులోంచే. ఆయన పోనివ్వలేదు. ఇసుక తవ్వి వదిలేసిన గుంతల్లో దిగి మోస్తుంటే పెట్టె పగిలి అవ్వ చెయ్యి బయటపడింది. అది చూసిన పిల్లవాడు పెద్దయి, మిలిట్రీలో వంతెనలు వేసే ఇంజనీర్ల పటాలంలో చేరాడు. సెలవుకొచ్చినప్పుడల్లా వంక గట్టున నిలబడేవాడు.

"ఒక్క రాత్రి చాలు నాయనా, ఈడ వంతెన ఏసేస్తా."

"ఏస్తావులేప్పా. ఆ పక్క గట్టు మీ తాతదా?" అని తండ్రి జాకబ్ నవ్వేవాడు.

సరిహద్దులో యుద్ధం వచ్చింది. జయచంద్ర ఏటిమీద వేసిన వంతెన దాటి బండ్లన్నీ అవతలికి పోయాయి. దాన్ని విప్పుతుండగా ఫిరంగి గుండు పడింది. పెట్టెకు మేకులు కొట్టి పంపారు.

మిలిట్రీ లారీ వంకలో దిగదు. అధికారులు చెప్పగానే జేసీబీ వచ్చి నరసింహప్ప శెనక్కాయ చేనులో దారి తీసింది. కెమెరాలున్నాయని ఆయనే ముందుండి అడ్డం వేసిన ముళ్లకంపలు లాగాడు, పెట్టెకు భుజం పట్టాడు. జాకబ్ ఆ చేనులో చెప్పులతో నడవడం అదే మొదటిసారి. కొడుకు పోయిన ఏడుపులోనే, దారి వచ్చిందిలే అని ప్రాణం కొంచెం కుదుటపడింది. దానికి తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడో దినం ప్రార్థనకు జాకబ్, భార్య కృపాకుమారి పూలు పట్టుకుని వచ్చారు. దారికి అడ్డంగా మళ్లీ కంప. దానిమీద ఈ కొస నుంచి ఆ కొసకు ఫ్లెక్సీ. నిండా యూనిఫారంలో జయచంద్ర ముఖం, మూలన దండం పెడుతూ నరసింహప్ప.

"ఏమప్పా, దారి మూసినావే?" అన్నాడు జాకబ్.

నరసింహప్ప గట్టుమీద మంచం దిగలేదు. "దారి మిలిట్రీకి ఇచ్చినా. మీరెప్పుడు చేరినార్రా మిలిట్రీలో? వంక ఉండాది గదా, దిగి పోండి. లేదంటే మీవాని మొగం చింపుకోని పోండి. నేనేం అడ్డం రాను."

జాకబ్ వంకవైపు తిరిగాడు. "రామ్మే, పోదాం."

కృపాకుమారి కదల్లేదు. "పెట్టె తెరవద్దన్నారు. మొగమే లేదన్నారు. ఇది యాడిదయ్యా మరి?"

పూలు అతని చేతిలో పెట్టి, కంపను రెండు చేతులా పట్టి లాగింది. ముళ్లకు తగులుకుని ఫ్లెక్సీ నొసటి నుంచి గడ్డం దాకా పర్రున చీలింది. ఆ సందులోంచి వంగి అవతలికి పోయింది.

వెనకే దూరిన జాకబ్ ఒకసారి తిరిగి చూశాడు. నరసింహప్ప సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండప్పా," అని ఫోనుకు నిదానంగా చెబుతున్నాడు, "అమరవీరుని ఫ్లెక్సీని కన్నోళ్లే చింపుతాండారు."

కృపాకుమారికి అది వినబడలేదు. అరచేతుల నెత్తురు కొంగుకు తుడుచుకుంటూ ముందు నడుస్తోంది.

"నడిచేకి బాగుండాదయ్యా దారి," అంది.

"ఊఁ," అన్నాడు జాకబ్.