చీటీలోని సోదరి

ఆ సోదరి ఎవరో ఈ వారం తేల్చేయాలని సూర్యకళ బియ్యం కడుగుతూ నిశ్చయించుకుంది.

మూడు వారాలుగా ఇదే ధ్యాస. గాజువాక వెనక వీధిలో, రేకుల షెడ్డులో నడిచే వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. కష్టం ఉన్నవాళ్లు పేరు లేకుండా చీటీ మీద రాసి, తలుపు పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు ఒక్కో చీటీ చదివి ప్రార్థన చేయిస్తారు. చీటీ ఎవరికీ చూపించరు. సాయంత్రానికి చింపి పొయ్యిలో వేసేస్తారు. ఆ కష్టం మాత్రం వారమంతా అందరిదీ అవుతుంది.

మొదటి చీటీ ఇలా ఉంది: 'ఒక సోదరి నాలుగింటికి లేస్తుంది. వేడన్నం తిని చాలా కాలమైంది. ప్రభువు ఆమెకి బలం ఇవ్వాలి.'

ఎవరో పాపం అనుకుంది సూర్యకళ. శుక్రవారం ఆమె కోసం ఉపవాసం కూడా ఉంది. రొయ్యల కంపెనీలో అన్నం గంట కొట్టాక క్యారేజీ తెరవకుండా కూర్చుని, పేరైనా తెలియని మనిషి కోసం ప్రార్థన చేసుకుంది. చిత్రంగా, ఆ పూట ఆకలి వెయ్యలేదు.

రెండో వారం: 'ఆ సోదరి ఇల్లు తుడుస్తూ నడుం పట్టుకుని నిలబడిపోతుంది. ఎవరూ చూడలేదనుకుంటుంది.' మూడో వారం: 'ఆ సోదరి కొళాయి తిప్పి ఏడుస్తుంది.' దీనితో ఆచూకీ దొరకదని సూర్యకళ కొట్టి పారేసింది. కొళాయి తిప్పి ఏడవని ఆడది ఏ ఇంట్లో ఉంది కనక.

తనకి మాత్రం అంత కష్టం లేదు. మోహన్ తాగడు, చెయ్యెత్తడు. స్టీల్ ప్లాంటులో తొమ్మిదింటి నుంచి అయిదింటి దాకా జనరల్ షిఫ్టు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని సంఘంలో డోలక్ వాయిస్తాడు. 'మా సూర్యకళకి విశ్వాసం ఎక్కువండి, అలుపన్నది తెలీదు' అని పదిమందిలో చెప్తాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ అలిసిపోవాలంటే ఆమెకే సిగ్గుగా ఉండేది. ఒకసారి జ్వరంతో పడుకుంటే, 'ఏటి, నీ విశ్వాసం ఏటయ్యింది' అని నవ్వాడు. సరదాకే అన్నాడు. ఆమె లేచి చారు పెట్టింది.

ఈ వారం ఇంకో సంగతి కూడా తేలాలి. ఎనిమిదేళ్లు ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచాక కంపెనీ వాళ్లు సూపర్‌వైజరు పని ఇస్తామన్నారు. పొద్దున్న ఆరింటి నుంచి రెండింటి దాకా. సోమవారం అయిదున్నరకి జంక్షన్‌లో కంపెనీ బస్సు ఎక్కితే ఆ పని ఆమెది, ఎక్కకపోతే ఇంకొకరిది. ఈ మాట ఆమె ఒక్క మోహన్‌కే చెప్పింది.

'నాదేటుంది, నీ ఇష్టం. ప్రార్థన సేసి సూడు' అన్నాడు పేపరు వెనక నుంచి. పేజీ తిప్పి, 'పొద్దున్నే అమ్మకి ఒళ్లు తుడవాల, పాపని బడికి తయారు సెయ్యాల. ఆలోసించుకో' అన్నాడు. ఆ పనులు ఎవరు చెయ్యాలో ఆ మాటల్లో ఎక్కడా లేదు. ఆమె ఆలోచిస్తూనే ఉంది.

అత్త పోతమ్మకి ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. నోరు మాత్రం జాలారిపేట తీరంలో చేపలమ్మిన నాటిదే. కొడుకూ కోడలూ ఏసుని నమ్ముకున్నా తన గంగమ్మని తను వదల్లేదు. వీపు తుడుస్తూ సూర్యకళ చీటీల సంగతంతా చెప్పింది.

"ఎవులై ఉంతారంటావు అత్తా?"

"నాకేటి తెలుస్తాది. దాని మొగుడేటి సేత్తన్నాడంట?"

"అది చీటీలో లేదు."

"మూడిట్లోనూ నేదా?"

"లేదు."

పోతమ్మ మంచి చేత్తో మంచం పట్టె పట్టుకుని ఒత్తిగిల్లింది. "అది ఎప్పుడు లేస్తాదో తెలుసు, ఎక్కడ ఏడుస్తాదో తెలుసు. ఇంట్లో మనిషే రాసినాడు. మొగుడి ఊసు మాత్రం ఎత్తనేదు. ఆ రాసినోడు తెలివైనోడే తల్లీ."

ఆ కోణం సూర్యకళకి తట్టనే లేదు. ఇంట్లో మనిషంటే అత్తో, ఆడపడుచో అయి ఉండాలి. సంఘంలో తను కాక అత్తతో కలిసి ఉండేది హేమశ్రీ ఒక్కతే. శనివారం సాయంత్రం వంజరం కూర గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది.

"నాకా? నాకేటి కష్టం అక్కా? మా ఆయన టీ పెట్టి నన్ను లేపుతాడు. పంచదారే ఎక్కువేస్తాడు, అదొక్కటే నా బాధ" అని హేమశ్రీ నవ్వింది.

"మరి ఎవరంటావే ఆ సోదరి?"

హేమశ్రీ నవ్వు ఆగిపోయింది. సూర్యకళ పగిలిన వేళ్లకేసి చూసి, చూపు తిప్పుకుంది. "కూర బాగుంది అక్కా" అంది, ఇంకా మూతైనా తియ్యకుండానే.

ఆదివారం పాస్టరమ్మగారికి గొంతు పూడుకుపోయింది. ఆరాధన అయ్యాక డబ్బా తెచ్చి సూర్యకళ చేతిలో పెట్టి, నువ్వు చదివి ప్రార్థన చేయించమ్మా అని సైగ చేశారు.

మొదటి చీటీ ఎవరి బిడ్డకో ఉన్న ఉబ్బసం గురించి. రెండోది మడత విప్పగానే ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఆ గుండ్రటి, ఎడమకి వాలిన రాతని పదకొండేళ్లుగా బజారు చీటీల మీద చూస్తోంది. అయినా నోరు అప్పటికే చదవడం మొదలుపెట్టేసింది.

"ఆ సోదరికి రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు పని ఇస్తామన్నారు. ఇంటి కోసం ఆమె వద్దనుకుంటోంది. ఆ నిర్ణయంలో ఆమెకి మనశ్శాంతి, సమాధానం కలగాలి."

ఆడవాళ్ల వైపు ఎవరూ ఆశ్చర్యపోలేదు. హేమశ్రీ తల దించుకుంది, వెనక వరసలో దేముడమ్మ పైటతో కళ్లొత్తుకుంది. ఆ సోదరి ఎవరో తెలియనిది ఇన్నాళ్లూ తనకొక్కదానికే.

డోలక్ మీద చేతులు పెట్టుకుని మోహన్ నేలకేసి చూస్తున్నాడు. ఈ వారం కూడా పాస్టరమ్మగారే చదువుతారనుకున్నాడు.

ఇన్ని వారాలూ రాసింది మోహనే అని ముందు ఆమెకి అర్థమైంది. చూశాడు. నాలుగింటికి లేవడం, నడుం పట్టుకోవడం, కొళాయి, అన్నీ చూశాడు. ఇన్నేళ్లలో తనని ఎవరైనా ఇంత శ్రద్ధగా చూశారా? ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. చూసి ఏం చేశాడు? చీటీ రాశాడు. మంచం దిగి రెండడుగులు వేసి ఆ కొళాయి కట్టేసి, ఏమైందే అని అడగడం కన్నా, ఊరంతా నడిచొచ్చి డబ్బాలో కాగితం వెయ్యడమే అతనికి తేలికైంది. తను ఇంకా తేల్చుకోని మాటని తన తరఫున దేవుడికి ముందే చెప్పేశాడు.

కానీ ప్రార్థన వట్టిది కాదు. మూడు వారాలుగా ఈ షెడ్డులోని వాళ్లంతా తనకి బలం అడిగారు. తిండి మానేసి తనూ అడిగింది. అడిగిన బలం వచ్చింది. ఇప్పుడు ఒంట్లో ఉంది. దాన్ని దేనికి వాడాలో మాత్రం చీటీ రాసినవాడు చెప్పక్కర్లేదు.

"ప్రార్థిద్దాం" అంది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు.

"ప్రభువా, ఈ సోదరిని గుర్తు చేసుకున్నందుకు నీకు స్తోత్రం. చీటీలో చిన్న పొరపాటుంది, క్షమించు. ఈ సోదరి వద్దనుకోలేదు. రేపు బస్సెక్కుతుంది. ఆమె భర్తకి చూసే కళ్లిచ్చావు, మంచి రాత ఇచ్చావు. తల్లికి గంజి తాగించే ఓపిక, కూతురికి జడ వేసే నేర్పు కూడా దయచెయ్యి. రెండు రోజులు జడ వంకరగా వచ్చినా ఫర్వాలేదు తండ్రీ."

ఎవరో ఆడమనిషి నవ్వాపుకుంది. తర్వాత షెడ్డంతా ఆమేన్ అంది. అందులో డోలక్ దగ్గర నుంచి వచ్చిన గొంతు ఉందో లేదో సూర్యకళ వినిపించుకోలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి తర్వాతి చీటీ తీసింది.