జనానా దిక్కు గొంతు

పొట్లం మడిచేటప్పుడు బొమ్మ లోపలికి పోవాలా, పైకి రావాలా? పావుశేరు శనగపప్పు కొనుక్కుపోయేవాడికి ఆ గోల ఎందుకు? మెదక్ బజారులో ఆ విషయం ఆలోచించే మనిషి బాలలక్ష్మి ఒక్కతే. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అత్త ఐలమ్మ కాళ్ళకు నూనె రాయడమయ్యాక, దుకాణం వెనక గదిలో మైదాపిండి లై జిగురు గిన్నె ముందేసుకుని కూర్చుంటుంది. హైదరాబాదు నుంచి తూకానికొచ్చే పాత వారపత్రికలు చింపుతుంది, మడుస్తుంది, అంటిస్తుంది. మొగుడు నర్సింగం ముందు గదిలో తూకమేసి అమ్మితే అది యాపారం. వెనక గదిలో పెళ్ళాం చేసేదానికి మాత్రం ఆ ఇంట్లో ఏ పేరూ లేదు. "ఊకెనే కూసున్నవ్ గదా, గా కాగితాలు మడువరాదూ" అంటాడాయన. పొద్దున లేచింది మొదలు ఆమె ఊరికే కూర్చున్న క్షణమేదో ఆయనకే తెలియాలి.

ఆ పత్రికల్లో వారం వారం రెండు పేజీల బొమ్మల కథ ఒకటి వచ్చేది. డేగరాయుడు. పగలు కోటలో గుర్రాలకు గడ్డి వేసే మెతక మనిషి. చీకటి పడితే డేగముక్కు ముసుగు తగిలించుకుని, భుజాల మీది గుడ్డ గాలికి ఎగురుతుండగా బురుజు మీంచి దూకి, దొరలను చావగొట్టి పేదలను విడిపిస్తాడు. ఆ మొహం మీద లై పూయడానికి బాలలక్ష్మికి చేతులు వచ్చేవి కావు. ఆ పేజీలు తీసి బియ్యం డబ్బా వెనక దాచేది. పాత కాగితాల మూటల్లో కథ వరసగా వస్తుందా? ఈ మూటలో డేగరాయుడు లోయలో పడితే, వచ్చే మూటలో వాడింకా ముసుగే కుట్టించుకోలేదు. మధ్యలో చిరిగిపోయినవి, తడిసిపోయినవి ఆమె తనే అల్లుకునేది. ఏడో తరగతి దాకా చదివిన పిల్ల, ఆ మాత్రం అల్లలేదా ఏం?

ఒకసారి నర్సింగం ఆ పేజీలు చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. దుకాణంలోకి తీసుకుపోయి నలుగురికి చూపించాడు. "మా ఇంటామె చదువు సూడుండ్రి. ఇద్దరు పిల్లల తల్లి, పోరగాండ్ల బొమ్మలు దాసుకుంటది." వాళ్ళు నవ్వారు. తలుపు వెనక నిలబడ్డ బాలలక్ష్మికి కాళ్ళ కింద భూమి పగిలితే బాగుండుననిపించింది. "కాగితాలు మడిచేటందుకు ఇచ్చినమా, చదివేటందుకా? శరం లేదానే?" అని ఐలమ్మ దెప్పింది. శరం లేకపోవడమేమిటి, నిలువెల్లా ఉంది. నవ్వితే సిగ్గు, ఆకలేస్తే సిగ్గు, ఒక బొమ్మ నచ్చితే సిగ్గు. పుట్టింటివాళ్ళు పెట్టెలో చీరల కంటే ముందు దాన్నే సర్ది పంపారేమో.

అయినా చదవడం మానలేదు. ఎందుకంటే సాబెరా ఉంది. బజారుకు అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా ఉన్న దర్జీ దుకాణం రషీద్‌ది. అతని భార్య సాబెరా. మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక బుర్ఖా వేసుకుని, ఒళ్ళో అంగీల మూటతో దొడ్డిదారిన వచ్చేది. రషీద్ కుట్టిన అంగీలకు కాజాలు, గుండీలు ఆమె పనే. అదీ ఊరికే కూర్చున్నప్పటి పనే లెండి. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఒకామె కాగితాలు అంటిస్తూ చదివి చెప్పేది, ఒకామె సూది గుచ్చుతూ వినేది.

"అక్కా, గా భుజాల మీది గుడ్డ గాలికి గంత ఎగరాలంటే రేషంపట్టే ఉండాలె. ఎవరు కుట్టిన్రు?" అనేది సాబెరా.

"గది రాయలేదు."

"ఎందుకు రాస్తరు? మా ఆయన అంగీలకు కాజాలు ఎవరు కుడుతున్నరో ఎవరన్న అడుగుతున్నరా?"

ఇద్దరికీ నవ్వు. బాలలక్ష్మికి డేగరాయుడంటే ప్రాణమే, కాని గుడ్డి ప్రేమ కాదు. వాడి మీద ఆమెకు బోలెడు ఫిర్యాదులున్నాయి. కళ్ళ మీద జానెడు గుడ్డ కట్టుకుంటే కట్టుకున్న పెళ్ళాం గుర్తుపట్టదా? చెప్పులు విడిచే చప్పుడు బట్టి, దగ్గు బట్టి, అన్నం కలిపే తీరు బట్టి పట్టేయదూ? గుర్తుపట్టలేదంటే ఆమె తెలివితక్కువది కాదు, ఆ బొమ్మలేసినాయనకు పెళ్ళాలంటే ఏమిటో తెలియదు. ఇంకోటి, ఆ రాజకుమారి. ఎప్పుడు చూడు కట్టేసి ఉంటుంది. స్తంభానికో, చెట్టుకో, రథానికో. వాడు వచ్చి విడిపించాలి. "ఒక్కనాడన్న అది సొంతంగ ఉరికితె చూడాలని ఉందే" అనేది. ఈ అభిప్రాయాలన్నీ ఆ వెనక గది దాటి బయటికి పోతాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అంతలో ఊళ్ళోని టాకీసుకు ముసుగు వీరుడి సినిమా ఒకటి వచ్చింది. గోడ మీది బొమ్మలో వాడు అచ్చం డేగరాయుడికి తమ్ముడిలా ఉన్నాడు. అత్తను బతిమాలి, ఆమె చెప్పిన మినప వడియాలన్నీ పెట్టి, మొగుడి చేత సరే అనిపించుకుంది. ఆయన మగవాళ్ళ బెంచీల దిక్కు, ఆమె సాబెరాతో కలిసి జనానా దిక్కు. మధ్యలో దుప్పటంత మందం పర్దా. దీపాలు ఆర్పగానే దాన్ని పక్కకు లాగుతారు, ఆడవాళ్ళు సినిమా చూస్తారు. దీపాలు వెలిగించే ముందు "పర్దా!" అని గేటు మనిషి కేకేసి మళ్ళీ దించుతాడు. చీకట్లో ఉన్నంతసేపే ఆడవాళ్ళకు కళ్ళు.

సినిమా బాగుంది. వీరుడు దూకుతున్నాడు, గుర్రం ఎగురుతోంది, సాబెరా వాడి భుజాల మీది గుడ్డను గజాలు లెక్కేస్తోంది. చివరికొచ్చేసరికి రాజకుమారిని గుహలో కట్టేశారు. చేతులు ముందుకే కట్టారు, ముడి నోటికందేంత దగ్గర. కావలివాడు నిద్రపోతున్నాడు. ఆ పిల్ల మాత్రం తల అటూ ఇటూ తిప్పుతూ ఏడుస్తోంది. బాలలక్ష్మి ఓర్చుకుంది. పళ్ళు బిగబట్టింది. వాయిద్యాలు ఆగి హాలంతా నిశ్శబ్దమైన ఆ క్షణాన ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"ఓసి నీ తెలివి కాలిపోను! చేతులు ముందటికే ఉన్నయి గదనే! పండ్లతోని ముడి ఇప్పుకోరాదూ!"

హాలు గొల్లున నవ్వింది. ఈలలు. మగవాళ్ళ దిక్కు నుంచి ఎవరో "నువ్వొచ్చి ఇప్పు" అన్నాడు. గేటు మనిషి బ్యాటరీ లైటు పట్టుకుని జనానాలోకి వచ్చాడు. సాబెరా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, బాలలక్ష్మి తలను తన బుర్ఖా కిందికి లాగేసుకుంది. లైటు వచ్చి వాళ్ళ మీద ఆగింది. గేటు మనిషికి కనిపించింది ఒక్క బుర్ఖానే. "జర ఇజ్జత్‌తోని కూసోవమ్మా" అని గదిమి పోయాడు.

ఇంటికొచ్చాక నర్సింగం పళ్ళెం పక్కకు తోశాడు. "నీ గొంతు నాకు తెల్వదా?" అన్నాడు. ఇన్నేళ్ళుగా పప్పు నిండుకుంది, పిల్లకు జ్వరమొచ్చింది అని చెప్తుంటే వినపడని గొంతు, అంత హాలులో, చీకట్లో, ఒక్క కేకతో ఆయన గుర్తుపట్టాడు. ఆ అవమానం మధ్యన ఆమెకు ఎక్కడో కొంచెం సంతోషం కూడా కలిగింది. అందుకు ఇంకా సిగ్గేసింది. ఐలమ్మ తల బాదుకుంది. "నయం," అన్నాడు నర్సింగం. "గేటోడు బుర్ఖామనిషి అనుకున్నడు, ఊరంత గదే అనుకుంటుంది. మన ఇజ్జత్ మిగిలింది. నోరు మూసుకొని పడుండు."

నోరు మూసుకుంది. అదొక్కటి మాత్రం ఆమెకు బాగా నేర్పారు.

ఊరికి మాత్రం నోళ్ళు తెరుచుకున్నాయి. జనానాలో ఆ మూలన కూర్చున్న బుర్ఖా ఎవరిదో ఆరా తీశారు. రషీద్ దుకాణానికి కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు "ముడులు ఇప్పేది మీ ఇంట్ల నేర్పుతరా రషీద్ భాయ్?" అని అడగడం మొదలుపెట్టారు. రషీద్ చెడ్డవాడేం కాదు, మెతక మనిషి. మెతకవాళ్ళు పదిమంది నవ్వుకు తట్టుకోలేరు. సాబెరాను అల్లాదుర్గ్‌లోని తల్లిగారింటికి పంపుతానన్నాడు, మాటలు సల్లబడేదాకా. అతని అన్న బద్రుద్దీన్ భార్యనూ ఇలాగే, నాలుగు రోజులని చెప్పి పంపారు. ఆమె ఇప్పటికీ తిరిగి రాలేదు.

సాబెరా దొడ్డిదారిన చెప్పిపోవడానికి వచ్చింది. నింద వేయలేదు, ఏడవలేదు.

"గా కేక ఒర్రింది నేనని చెప్పకపోయినవా సాబెరా?"

"ఎట్ల చెప్తనక్కా? నీకు ఇంట్ల అత్త ఉంది. నీ బతుకు ఆగమైతది." పోబోతూ అంది: "డేగరాయుడు లోయల పడ్డడు గదా, ఎట్ల లేసిండో నాకింక ఎవరు చెప్తరు?"

ఆమె పోయాక బాలలక్ష్మి లై గిన్నె ముందు కూర్చుంది, చేయి కదల్లేదు. ఇన్నాళ్ళూ పడ్డ సిగ్గులన్నీ ఎవరో ఇచ్చినవి. నవ్వినందుకు, అరిచినందుకు, బొమ్మ నచ్చినందుకు. ఈరోజుది అలాంటిది కాదు. ఇది అచ్చంగా తనదే. డేగరాయుడు ముసుగు వేసుకుంటే దెబ్బలు వాడే తిన్నాడు. తను ఇంకొకరి ముసుగులో తల దాచుకుని, దెబ్బలు ఆమెకు వదిలేసింది. వాడికెన్ని వంకలు పెట్టింది! నర్సింగాన్ని అడిగింది, రషీద్‌కు ఒక్క మాట చెప్పమని. "గాళ్ళ ఇంటి ముచ్చట గాళ్ళది. మనకెందుకు?" అన్నాడాయన, తూకపు రాళ్ళు తుడుచుకుంటూ.

తెల్లారి బస్సు దాకా తీసుకుపోయే రిక్షా వచ్చి రషీద్ దుకాణం ముందు ఆగింది. రేకుపెట్టె ఎక్కించారు, సాబెరా ఎక్కి కూర్చుంది. ఇవతల నర్సింగం దుకాణంలో బేరం జోరుగా ఉంది. టాకీసు గేటు మనిషి బీడీల కోసం వచ్చాడు. ఎవరో సినిమా మాట ఎత్తారు, నర్సింగం చింతపండు తూస్తూనే ఆ కేకను ఆడగొంతుతో పలికి చూపించాడు. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆయనే. వెనక గదిలో బాలలక్ష్మి ఆ నవ్వు విన్నది. లేచింది. కొంగు సర్దుకుని, మగవాళ్ళుండగా ఎన్నడూ దాటని తలుపు దాటి, దుకాణంలోంచి నడిచి, మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

"రషీద్ భాయ్, సాబెరాను పంపకుండ్రి. గా రోజు టాకీసుల ఒర్రింది నేను."

మాట సన్నగా, అవతలి గడప మీది రషీద్‌కు అందీ అందనట్టు వచ్చింది. అందరూ నర్సింగం వైపు చూశారు. ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది, వెంటనే నవ్వు అతికించుకున్నాడు.

"దోస్తు పోతుందని తిక్క లేసింది దీనికి. నా పెండ్లాం గొంతు నాకు తెల్వదా? గా గొంతు దీనిది కానే కాదు."

అందరూ నమ్మారు. నమ్మరా మరి? గేటు మనిషి కూడా తల ఊపాడు, ఇంత సన్నని గొంతెక్కడ, ఆ కేక ఎక్కడ అని. రషీద్ ఎదుటి గడప మీంచే చేతులు జోడించాడు. "నీ మనసు మంచిది చెల్లె. ఇజ్జత్ గల్ల ఇంటిదానివి, నీకెందుకు గీ నింద? లోపలికి పో." రిక్షావాడు పెడలు మీద కాలు వేశాడు. బండి కదిలింది. లోపల నల్లటి బుర్ఖా వెనక్కి తిరిగి చూడలేదు.

"లోపలికి నడువ్" అన్నాడు నర్సింగం, పళ్ళ మధ్య నుంచి.

బాలలక్ష్మి మెట్టు దిగింది. బజారు నడిమధ్యన, ఎండలో, ఏ పర్దా లేని చోట నిలబడి, కడుపులోంచి గాలి పీల్చుకుంది.

"సాబెరా! ఓ సాబెరా! రిక్షా దిగు! పెట్టె కిందికి దించు!"

చర్చి దిక్కు పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. గేటు మనిషి చేతిలోని బీడీకట్ట కింద పడింది. "అరె, గదే గొంతు!" అన్నాడు. రషీద్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి నర్సింగం వైపు చూశాడు. రిక్షా ఇంకా పోతూనే ఉంది. బాలలక్ష్మికి చెవులు కాలిపోతున్నాయి, ఒంటి మీద బట్ట లేనట్టుగా ఉంది. సిగ్గు ఎక్కడికీ పోలేదు. ఆ సిగ్గుతోనే, ఇందాకటి కంటే గట్టిగా, ఇంకోసారి పిలిచింది.