భీముకు రెండు కొసలు

ఆటోల వచ్చిన భీమును ఇద్దరు హమాలీలు దొర్లించుకుంట తెచ్చి పరశురాములు మగ్గం వెనుక వదిలిండ్రు. నేసేటందుకు నాలుగు వేల పడుగు పోగులు చుట్టిన పొడుగాటి ఇనుప రోలరు అది. క్వింటాలుకు తక్కువ ఉండదు. వాళ్లల్ల పెద్దోడు చెమట తుడుచుకుంట, "మగ్గం మీదికి ఎక్కియ్యమంటవా, పెద్దనాయనా?" అని అడిగిండు.

"ఎందుకు బిడ్డా, మా ఇంట్ల మనుషులున్నరు," అన్నడు పరశురాములు.

నోటికి అలవాటైన మాట. ఆటో మూల తిరిగిపోయినంక గని తనేమన్నడో ఆయనకు తెలిసిరాలే. ఇరవై రెండేండ్లు భీముకు ఒక కొస తను, ఇంకో కొస పెండ్లాం కోమల. పోయిన వానకాలం జరమొచ్చి ఆమె పోయింది.

సిరిసిల్లల ఆ వాడ వాడంతా మగ్గాలే. భీము వచ్చిన మనిషి పక్కింటి గడపల నిలబడి రెండు అరచేతులు పైకి లేపుతడు. మగ్గాల మోతల మాట వినరాదు, చెయ్యయితే కనవడ్తది. అవతలాయన మగ్గం బంద్ పెట్టి వచ్చి, ఒక కొస పట్టి, చాయ్ తాగి పోతడు. కోమల ఉన్నన్ని దినాలు పరశురాములుకు ఆ అక్కర పడలే. ఆమె పోయినంక పక్కింటి యూనుస్ రెండుసార్లు వచ్చి గడపల చేతులు లేపిండు. రెండుసార్లూ పరశురాములు మంచంల గోడదిక్కు తిరిగి పండుకున్నడు. మూడోసారి యూనుస్ రాలే.

నాలుగు నెలల సంది మగ్గం ఆడ్తలేదు. అటింట్ల మోత, ఇటింట్ల మోత, నడుమ ఈ ఇల్లు ఒక్కటే మూగది. చెంచా కిందపడితే తనే ఉలికిపడుతుండు. ఇయ్యాల పొద్దుగాల పని ఇచ్చే ఆసామి భానుప్రసాద్ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పిండు. "కాకా, ఆరింటికి వచ్చి చూస్త. భీము మగ్గం మీద ఉంటే పని నీకే. కిందనే ఉంటే వేరేటోళ్లకు పంపిస్త. మళ్ల నన్ను అనొద్దు."

"ఉంటది తియ్," అన్నడు పరశురాములు.

ఎనిమిదో తరగతి సైన్సు సారు చెప్పింది ఆయనకు ఒక్కటి యాదిల ఉన్నది. బలమంటే పెద్ద ముచ్చటేం లేదురా, తోసుడో గుంజుడో, అంతే. గా రెండే అయితే ఒక్క మనిషి చెయ్యలేడా అనుకున్నడు.

గడ్డపార మొన భీము కింద పెట్టి, ఇటుక ఆనిచ్చి, పై కొస మీద ఒళ్లంతా మోపిండు. భీము లేచింది. సందుల ఇటుక తోసి, మళ్ల మోపిండు, మళ్ల ఇటుక. గంటసేపటికి ఒక కొస మగ్గానికున్న దాని గూట్ల కూసున్నది. నయమే.

రెండో కొసకు తాడు కట్టి, పైన దూలం మీదికెళ్లి వేసి గుంజిండు. ఏండ్ల సంది నూనె కారి నున్నగైన గచ్చు, కాళ్లు జారినయ్. వాకిట్ల ఇసుక తెచ్చి చల్లిండు. పాదానికి పట్టు దొరికింది. తాడు బిగుసుకొని సన్నగ మూలిగింది. భీము జానెడు లేచింది, రెండు జానలు లేచింది, గూటి ఎత్తుకు వచ్చి ఆగింది. ఇగ పక్కకు జర తోస్తే చాలు.

తోసేటందుకు చెయ్యి లేదు. రెండూ తాడు మీదనే ఉన్నయ్. ఒకటి విడిస్తే బరువు కిందికి పోతది. మోకాలు చాపి చూసిండు, అందలే. గట్లనే నిలబడ్డడు. ఎంతసేపు నిలబడ్డడో, తాడు అరచేతులను కాల్చుకుంట జారింది. కూసున్న కొస కూడా గూట్లకెళ్లి ఎగిరి, భీము ధన్నున గచ్చు మీద పడ్డది. గచ్చు పలిగింది. ఆ చప్పుడు విని పలకరించెటోళ్లు ఎవ్వరు లేరు.

గోడ గడియారంల అయిదు దాటింది.

యూనుస్ గడపల నిలబడి పరశురాములు అరచేతులు లేపిండు. నాలుగు మగ్గాల నడుమ నుంచి యూనుస్ చూసిండు. చూసి, తెగిన పోగు అతుక్కుంట తల వంచిండు. పరశురాములు చేతులు దించలే. ఉత్త చేతులే అయినా బరువెక్కినయ్, భుజాలు గుంజినయ్. అప్పుడు ఒక మగ్గం ఆగింది. ఇంకోటి. నాలుగూ ఆగినయ్.

"అన్నకు గడప యాదికొచ్చిందే!" అన్నడు యూనుస్.

పరశురాములు తన ఇంటి దిక్కు నడిచిండు. లోపలికి వచ్చి ఇటుకలు, ఇసుక, గడ్డపార, తాడు అన్నీ చూసి యూనుస్ ముక్కు మీద వేలేసుకున్నడు. "ఏం కథనే, ఇంట్ల బోరు ఏస్తున్నవా?"

"జర ఆ కొస పట్టు."

ఇద్దరు వంగి ఎత్తిండ్రు. రెండడుగులు పడ్డయో లేదో యూనుస్ అరిచిండు. "అరె, గట్ల వంగి మోస్తవేంది? నిలబడు! జారి నీ మీదికే వస్తున్నది!"

పరశురాములు నిలబడబోయిండు. నడుము సాగలే.

"కోమల పొట్టిది," అన్నడు, రొప్పుకుంట. "నేను నిలబడితే ఆమె మీదికి జారుతుండె."

తను ఇన్నేండ్లు వంగి మోసిండన్నది ఆయనకూ అప్పుడే తెలిసినట్టున్నది. భీము ఇద్దరి చేతులల్ల ఆగింది.

"నేను పొడుగే గదనే," అన్నడు యూనుస్ మెల్లగ. "నిలబడు."

నిలబడ్డడు. భీము రెండు గూళ్లల్ల ఒక్కసారే కూసున్నది.

"కూసో, చాయ్ పెడ్త," అన్నడు పరశురాములు. పాలు లేవని అన్నంక యాదికొచ్చింది.

"మగ్గాలు ఆగి ఉన్నయన్నా." యూనుస్ గడప దాటుకుంట వెనక్కి చూడకుంటనే అన్నడు, "ఐతారం నాకు భీము వస్తది." వస్తవా అని అడగలే.

ఆరింటికి భానుప్రసాద్ బండి దిగకుంటనే తొంగిచూసి తల ఊపి పోయిండు.

పరశురాములు మగ్గం చుట్టు తిరిగి వచ్చి, ఎన్నడూ నిలబడని దిక్కున, కోమల కొస కాడ నిలబడ్డడు. ఇక్కడికెళ్లి చూస్తే అవతలి కొస, తను వంగి నిలబడే జాగ, దాని వెనుక సున్నం రాలిన గోడ కనవడ్తున్నయ్. ఆమె ఇరవై రెండేండ్లు చూసింది ఇదే. పక్కింట్ల మగ్గాలు ఒక్కొక్కటి మళ్ల మొదలైనయ్. ఆయన చెయ్యి భీము మీద పెట్టి, చీకటి పడేదాక ఆడనే ఉన్నడు.